అవకాశ్ అంటే అవకాశం కాదు: తెలిసిన పదంతోనే అసలు తంటా

 

ఈ రోజు ఒక రైల్వే స్టేషన్‌తో మొదలుపెడదాం. సికింద్రాబాదో, విజయవాడో, ఏదైనా సరే. ప్లాట్‌ఫామ్ మీద పది నిమిషాలు నిలబడితే తెలుగులో "దయచేసి వినండి" అని వస్తుంది. దాని తర్వాత హిందీలో "యాత్రీగణ్ కృపయా ధ్యాన్ దే" అని వస్తుంది. ఈ హిందీ వాక్యంలో మనకు కొత్త పదం ఏమైనా ఉందా? యాత్ర మనదే, కృప మనదే, ధ్యానం కూడా మనదే. మరి తెలుగు చెవితో వింటే ఏమని అర్థం వస్తుంది? "యాత్రికులారా, దయచేసి ధ్యానం చేసుకోండి" అని. అలా కళ్లు మూసుకుని కూర్చుంటే రైలు వెళ్లిపోతుంది! హిందీలో ధ్యాన్ అంటే మామూలుగా శ్రద్ధ, గమనించడం. "ధ్యాన్ సే చలో" అంటే చూసి నడువు అని, అంతే.

ఇది సరదాగానే ఉంది. కానీ ఇలాంటి పదాలు ఉద్యోగం ఫారాల్లో వస్తాయి, లోన్ కాగితాల్లో వస్తాయి, హాస్పిటల్లో నర్సు నోట వస్తాయి. అక్కడ నవ్వుకుని వదిలేయడానికి ఉండదు.

నేను గమనించింది ఏంటంటే, తెలియని పదం మనల్ని మోసం చేయదు. ఎవరైనా "ఇస్తీఫా" అన్నారనుకోండి. మీకు తెలియకపోతే పక్కవాళ్లను అడుగుతారు, లేదా ఫోన్‌లో వెతుకుతారు. ఐదు సెకన్ల పని. అదే "అవకాశ్" అన్నారనుకోండి, ఎవరు వెతుకుతారు? "ఆ, అవకాశమే కదా" అని ముందుకు వెళ్లిపోతాం. అక్కడే దొరికిపోతాం అన్నమాట.

సరే, ఆ అవకాశ్ సంగతే చూద్దాం.

హిందీలో అవకాశ్ అంటే సెలవు. సెంట్రల్ గవర్నమెంట్ ఆఫీసుల్లో, రైల్వేలో, బ్యాంకుల్లో హిందీ ఫారాలు చూసినవాళ్లకు తెలుస్తుంది. "ఆకస్మిక్ అవకాశ్" అని ఉంటుంది. తెలుగులో చదివితే అకస్మాత్తుగా వచ్చిన ఛాన్సు! నిజానికి అది క్యాజువల్ లీవ్. "అర్జిత్ అవకాశ్" అంటే ఎర్న్డ్ లీవ్. "ప్రసూతి అవకాశ్" అంటే మెటర్నిటీ లీవ్, 2017లో చట్టం మార్చాక మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల దాకా ఇస్తున్నారే, అది. తెలుగులో చదువుకుంటే మాత్రం పురుడు వచ్చే ఛాన్స్ ఉంది అన్నట్టు ఉంటుంది. ఇక నాకు అన్నిటికంటే నచ్చేది "అవకాశ్‌ప్రాప్త్". తెలుగువాడు చూస్తే, ఆహా ఈయనకు మంచి అవకాశం వచ్చింది అనుకుంటాడు. పాపం, ఆయన రిటైర్ అయ్యారు.

మరి మన "అవకాశం"ను హిందీలో ఏమంటారు? "అవసర్". "రోజ్‌గార్ కే అవసర్" అంటే ఉద్యోగ అవకాశాలు. "సునహరా అవసర్" అంటే బంగారం లాంటి ఛాన్సు. మనకు అవసరం అంటే కావలసి రావడం. దానికి హిందీలో "జరూరత్" అనో "ఆవశ్యక్తా" అనో వేరే మాటలు ఉన్నాయి. అంటే చూడండి, మన అవకాశం వాళ్ల దగ్గర అవసర్ అయింది, వాళ్ల అవకాశ్ మన దగ్గర సెలవు అయింది. కుర్చీలాట లాగా ఒక్కో పదం ఒక్కో సీటు పక్కకు జరిగి కూర్చుంది.

ఇలా ఎందుకయింది? రెండూ సంస్కృతం నుంచి వచ్చినవే. అక్కడ అవకాశ అంటే మూలార్థం ఖాళీ, చోటు. పనుల మధ్య ఖాళీ దొరికితే అది సెలవు. ఏదైనా చేయడానికి చోటు దొరికితే అది ఛాన్సు. హిందీ మొదటిది పట్టుకుంది, తెలుగు రెండోది పట్టుకుంది. రెండూ న్యాయమే. అవసర అంటే తగిన సమయం, సందర్భం. సందర్భం కలిసొస్తే ఛాన్సు అని హిందీ తీసుకుంది. సందర్భం మెడ మీదకు వస్తే కావలసి వస్తుంది కదా, అది మనం తీసుకున్నాం. కాబట్టి "మనది కరెక్టు, వాళ్లది తప్పు" అనే గొడవ పెట్టుకోకండి. ఆన్‌లైన్‌లో అలా కొట్టుకునేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది.

ఇప్పుడు దక్షిణానికి రండి. ఇక్కడే విషయం కొంచెం సీరియస్.

చిత్తూరు, నెల్లూరు, కడప వైపు వాళ్లు పెద్ద జబ్బు చేస్తే చెన్నైకో వేలూరుకో వెళ్లడం మామూలే. తమిళంలో "అవసరం" అంటే కావలసి రావడం కాదు, తొందర. అర్జంట్ అన్నమాట. అక్కడి హాస్పిటళ్లలో "అవసర సిగిచ్చై పిరివు" అని బోర్డు ఉంటుంది. అంటే ఎమర్జెన్సీ వార్డు. మనవాళ్లకు తమిళ అక్షరాలు రావు, బోర్డు చదవలేరు, అది వదిలేయండి. కానీ మాట వినబడుతుంది. కౌంటర్ దగ్గర అమ్మాయి "అవసరమా?" అని అడిగిందనుకోండి. ఆమె అడిగేది "అర్జంటా?" అని. మనవాడికి వినబడేది "ఇది అవసరమా?" అని. మన మీమ్స్‌లో "ఇప్పుడు ఇది అవసరమా" అంటామే, సరిగ్గా ఆ టోన్‌లో! అమ్మకు ఆయాసం వస్తుంటే, ఎదుటి మనిషి అవసరమా అంటే ఎవరికి కోపం రాదు? గొడవకు దిగుతాం. ఆమెకు ఎందుకు తిడుతున్నామో అర్థం కాదు. చెప్పాల్సిన జవాబు ఒక్కటే, "ఆమా, అవసరం". అంటే అవును, అర్జంట్ అని.

రివర్స్‌లో కూడా అంతే. మందుల షాపులో మీరు నెమ్మదిగా "ఈ మాత్రలు నాకు అవసరం" అంటే అతను మీరు హడావిడి పెడుతున్నారు అనుకోవచ్చు. కావాలి అని చెప్పాలంటే తమిళంలో "వేణుం". ఆ ఒక్క మాట చాలు. కన్నడంలో కూడా అవసర అంటే తొందర, హడావిడి. మలయాళంలోకి వెళ్తే అవసరం అంటే మళ్లీ ఛాన్సు, హిందీలో లాగా. ఇక అవకాశం అంటే కన్నడంలో మనలాగే ఛాన్సు. తమిళంలో ఎక్కువగా గడువు అనే అర్థంలో వాడతారు, కాల అవకాశం అని. మలయాళంలో అయితే అవకాశం అంటే హక్కు! కేరళలో సమాచార హక్కు చట్టాన్ని "వివరావకాశ నియమం" అంటారు. చోటు అనే అర్థం నుంచి నాకు రావలసిన చోటు, నా వాటా, నా హక్కు అని సాగిందని నేను అనుకుంటాను.

సమాచార హక్కు అన్నాం కదా, అదే చట్టం హిందీ పేరు చూడండి. "సూచనా కా అధికార్ అధినియమ్, 2005". తెలుగు కళ్లతో చదవండి. సూచనలు ఇచ్చే అధికారం! అంటే ప్రభుత్వానికి మనం సలహాలు ఇవ్వొచ్చట అనుకుంటాం. కాదు. హిందీలో సూచనా అంటే సమాచారం. అధికార్ అంటే హక్కు. సలహా చెప్పడానికి కాదు, ఆఫీసులో ఉన్న కాగితాల వివరాలు అడిగి తెలుసుకోవడానికి ఇచ్చిన చట్టం అది.

ఇక్కడ కూడా కుర్చీలాటే. మన సమాచారం హిందీలో సూచనా. హిందీ సమాచార్ అంటే మన వార్తలు. మరి హిందీ వార్తా అంటే? చర్చలు, మాట్లాడుకోవడం. "శాంతి వార్తా" అని హిందీ హెడ్‌లైన్ కనబడితే అది శాంతి గురించిన న్యూస్ అనుకోవద్దు. రెండు పక్షాలు కూర్చుని శాంతి చర్చలు జరుపుతున్నాయని.

ఇప్పుడు చెప్పబోయేది డబ్బుతో ముడిపడినది, కాబట్టి కొంచెం ధ్యాన్ పెట్టండి, హిందీ ధ్యాన్!

వ్యవసాయం. మనకు పొలం, పంట, ఎద్దులు, ట్రాక్టరు. హిందీలో వ్యవసాయ్ అంటే వ్యాపారం లేదా చేసే వృత్తి. హిందీ ఫారంలో "వ్యవసాయ్" అని ఒక గడి ఉంటే, అక్కడ అడిగేది మీకు ఎన్ని ఎకరాలు ఉన్నాయని కాదు, మీరు ఏం పని చేస్తారని. డ్రైవర్, టైలర్, స్టూడెంట్, ఏదైతే అది రాయాలి. ఇంతవరకూ పెద్ద నష్టం లేదు. కానీ ఫోన్‌లో ఒక హిందీ యాడ్ వస్తుంది. "వ్యవసాయ్ ఋణ్, తురంత్". తురంత్ అంటే వెంటనే అని మనకు తెలుసు, ఋణ్ అంటే అప్పు అని తెలుసు, వ్యవసాయ్ కూడా తెలుసు అనుకుంటాం. ఇంకేముంది, పంట రుణం వెంటనే ఇస్తారట అని క్లిక్ చేస్తాం. అది బిజినెస్ లోన్. కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల దాకా తీసుకునే పంట రుణానికి టైముకు కడితే 4 శాతం వడ్డీ పడుతుందని రైతు కుటుంబాల పిల్లలకు తెలిసిందే. బిజినెస్ లోన్‌కు ఆ రాయితీ లెక్కలు వర్తించవు. వడ్డీ వేరు, షరతులు వేరు, కట్టకపోతే జరిగేది కూడా వేరు. ఒక్క పదం దగ్గర ఆగి చూసుకోకపోతే ఆ తేడా ఈఎమ్ఐ మొదలయ్యాక కానీ తెలియదు.

మరి పొలం పనిని హిందీలో ఏమంటారు? కృషి. మన జిల్లాల్లో కూడా "కృషి విజ్ఞాన కేంద్రం" అనే బోర్డులు ఉన్నాయి కదా. చాలామంది చదువుకున్న కుర్రాళ్లు కూడా అది ఏదో కష్టపడి పైకి రావడం నేర్పే సంస్థ అనుకుంటారు. అది రైతులకు కొత్త వంగడాలు, సాగు పద్ధతులు చూపించే కేంద్రం. మొదటిది 1974లో పుదుచ్చేరిలో పెట్టారు. మనకు కృషి అంటే పట్టుదలగా చేసే ప్రయత్నం. హిందీలో కష్టపడి పనిచేయడాన్ని పరిశ్రమ్ అంటారు. మనకు పరిశ్రమ అంటే ఫ్యాక్టరీ. వాళ్లకు ఫ్యాక్టరీల రంగం ఉద్యోగ్. మారుతి కార్ల కంపెనీ పాత పేరు మారుతి ఉద్యోగ్, 2007 దాకా. అది ఉద్యోగాలు ఇప్పించే ఏజెన్సీ కాదు. మనకు ఉద్యోగం అంటే జాబ్. వాళ్లకు జాబ్ అంటే నౌకరీ. నౌకరు అంటే కోస్తాలో పనివాడు అనే అర్థమే గుర్తొస్తుంది, కానీ తెలంగాణలో సర్కారు నౌకరీ అంటే తెలియని ఇల్లు ఉండదు. హైదరాబాద్ పుణ్యమా అని అక్కడివాళ్లు ఈ చివరి మెట్టు దగ్గర మోసపోరు.

చిన్న వ్యాపారాల రిజిస్ట్రేషన్‌కు కొన్నేళ్ల క్రితం "ఉద్యోగ్ ఆధార్" అని ఉండేది, 2020లో అది ఉద్యమ్ రిజిస్ట్రేషన్ అయింది. అప్పట్లో, ఉద్యోగం కావాలంటే ఈ ఆధార్ కూడా తీసుకోవాలేమో అని తెలుగు కుర్రాళ్లు అనుకున్నారంటే తప్పు వాళ్లది కాదు. పేరు అలా ఉంది మరి.

శిక్ష గురించి అందరికీ తెలుసు, తొందరగా దాటేద్దాం. 2020లో ఢిల్లీలో మానవ వనరుల శాఖ పేరు మార్చి "శిక్షా మంత్రాలయ్" చేశారు. విద్యా శాఖ అన్నమాట. మనకేమో శిక్షల శాఖ అని వినబడుతుంది. బడి గోడల మీద "సర్వ శిక్షా అభియాన్" చూసి నవ్వుకోని పిల్లవాడు లేడు. కానీ ఒక్కటి గమనించండి. సంస్కృతంలో శిక్ష అంటే నేర్పడమే. ఆ పాత అర్థం మన దగ్గర కూడా చనిపోలేదు, "శిక్షణ" అనే మాటలో దాక్కుంది. డ్రైవింగ్ శిక్షణ, కంప్యూటర్ శిక్షణ అంటాం. మరాఠీలో, కన్నడంలో కూడా ఇదే పద్ధతి, శిక్షణ్ అంటే చదువు, శిక్ష అంటే దండన. హిందీకి దండనకు సజా అనే ఫార్సీ మాట దొరికింది, కాబట్టి శిక్షా అనే మాటను బడికే ఉంచుకుంది.

ఫార్సీ అన్నాను కాబట్టి, ఈ తికమక సంస్కృతం మాటలతోనే వస్తుంది అనుకోవద్దు. రాజీనామా తీసుకోండి. మనకు ఉద్యోగం వదిలేస్తూ ఇచ్చే కాగితం. రాజీ అంటే ఒప్పుకోవడం, నామా అంటే పత్రం. హిందీ, ఉర్దూల్లో రాజీనామా అంటే ఇప్పటికీ ఒప్పంద పత్రమే, కోర్టు కేసులోనో పోలీస్ స్టేషన్‌లోనో రెండు పక్షాలూ రాజీ పడ్డామని రాసిచ్చేది. ఉద్యోగం వదిలేయడానికి వాళ్లు ఇందాక చెప్పుకున్న ఇస్తీఫా వాడతారు, లేదంటే త్యాగ్‌పత్ర్.

మన లారీ డ్రైవర్ అన్న ఒకతను ఉత్తరాదిలో ఎక్కడో ఉన్నాడనుకోండి. వెనకాల నుంచి ఎవరో వచ్చి గుద్దారు. బండి దెబ్బతింది, అతనికి చెయ్యి విరిగింది. అవతలివాళ్లు వచ్చి "రాజీనామా లిఖ్ దో" అంటారు. ఇతను "నేనెందుకు ఉద్యోగం మానేయాలి?" అని బిత్తరపోతాడు. లేదా ఇంకా ఘోరం, ఏదో ఫార్మాలిటీ అనుకుని సంతకం పెట్టేస్తాడు. పెడితే ఏమవుతుంది? మాకూ మాకూ సరిపోయింది, ఇక గొడవ లేదు అని తనే రాసిచ్చినట్టు. తర్వాత నష్టపరిహారం అడిగితే అదే కాగితం తీసి ముందు పెడతారు. మీ ఇంట్లో ఎవరైనా అటు తిరిగే పనిలో ఉంటే ఈ ఒక్క మాట ఈ రోజే చెప్పండి. మిగతావి తర్వాత చెప్పినా పర్వాలేదు.

మాటకు మాట వచ్చింది కాబట్టి ఒక చిన్నది. హిందీవాళ్ల ఆఫీసులో చేరిన మనవాడు బాస్‌తో మర్యాదగా "సార్, మై ఆప్‌కీ ఆలోచనా కర్ రహా థా" అంటే? మీ గురించే ఆలోచిస్తున్నాను అని వీడి ఉద్దేశం. బాస్‌కు వినబడేది "మిమ్మల్నే విమర్శిస్తున్నాను" అని! ఆలోచనకు హిందీలో "సోచ్" వాడండి, ఉద్యోగం నిలబడుతుంది.

బెంగళూరు వెళ్లేవాళ్లకు రెండు. మెస్‌లో "ఊట" అంటే భోజనం, నీటి ఊట కాదు. వడ్డించే ఆయన గరిటె పట్టుకుని "సాకా?" అంటే, చాలా అని అడుగుతున్నాడు. సాకులు చెప్పకండి, "సాకు" అనండి, ఆపేస్తాడు.

ఇప్పుడు చేతిలో ఫోన్ ఉంది కదా, యాప్ చెప్పేస్తుంది కదా అంటారు. నిజమే, గూగుల్ ట్రాన్స్‌లేట్‌లోకి తెలుగు 2011లోనే వచ్చింది, ఇప్పుడు కెమెరా పెడితే బోర్డు కూడా చదువుతుంది. కానీ యాప్‌కు మనం ఏమిస్తున్నాం అన్నది చూడాలి. మనలో చాలామంది ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేస్తాం. అలా "అవసరం" అని కొడితే అది తెలుగా, తమిళమా, మలయాళమా? మూడూ ఒకే స్పెల్లింగ్. భాషను అదే కనిపెట్టుకోవాలని వదిలేస్తే, అది ఏదో ఒకటి ఊహిస్తుంది. అందుకే ముందు ఏ భాష నుంచి అన్నది మీరే ఎంచుకోండి, ఆ తర్వాత ఆ భాష అక్షరాల్లోనే పదం ఇవ్వండి. టైప్ చేయడం రాకపోతే కెమెరా వాడండి, లేదా ఎదుటి మనిషినే ఫోన్‌లో మాట్లాడమనండి.

ఇంకోటి, ఒంటరి పదం ఇవ్వకండి. "అవకాశ్" అని ఒక్క ముక్క ఇస్తే ఏ అర్థం వస్తుందో చెప్పలేం. "ఆకస్మిక్ అవకాశ్ హేతు ఆవేదన్" అని మొత్తం లైన్ ఇస్తే క్యాజువల్ లీవ్ కోసం దరఖాస్తు అని తేలే ఛాన్స్ చాలా ఎక్కువ. చుట్టూ ఉన్న మాటలే అర్థాన్ని పట్టిస్తాయి. వచ్చిన అనువాదాన్ని మళ్లీ తిప్పి మొదటి భాషలోకి మార్చి చూడండి. మొదట ఉన్న మాటే వస్తే కొంత నమ్మొచ్చు. వేరే ఏదో వస్తే ఆ పదం దగ్గర ఆగాలి.

నేను ఏం చేస్తానంటే, ఫారం చదివేటప్పుడు తెలియని పదాలను వదిలేసి ముందు "ఇది తెలుసులే" అనిపించిన పదాలను గుర్తు పెట్టుకుంటాను. తెలియనివి ఎలాగూ వెతుకుతాం. తెలిసిన వాటినే నొక్కి పట్టుకుని అర్థం చూస్తాను. ఒక పేజీ ఫారంలో ఇలాంటివి మూడు నాలుగు మించి ఉండవు, రెండు నిమిషాలు పడుతుంది. సంతకం పెట్టే కాగితం అయితే మాత్రం యాప్‌తో ఆగను, ఆ భాష వచ్చిన మనిషికి ఫోటో పంపి అడుగుతాను.

అన్నట్టు, మన హాస్పిటళ్లలో కేరళ నుంచి వచ్చిన నర్సులు కనబడుతుంటారు కదా. వాళ్లలో ఎవరైనా మీతో మాట్లాడుతూ "సంసారం" అంటే కంగారు పడకండి. మలయాళంలో సంసారం అంటే మాట్లాడటం. హిందీలో సన్సార్ అంటే ప్రపంచం, తమిళంలో సంసారం అంటే ఇల్లాలు కూడా. మన దగ్గర ఆ మాటకున్న అర్థాలన్నీ మీకు తెలుసు, నేను చెప్పక్కర్లేదు. అక్కడి నుంచి మామ, కాకా, నానా అంటూ చుట్టరికాల మాటలు వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం. హిందీలో నానా అంటే నాన్న కాదు, అమ్మకు నాన్న. ఉంటాను మరి, బై.